హెచ్.ఎం.గా చేరబోయేవారికి కొన్ని ఎదురు సలహాలు

ప్రమోషన్ ఆర్డరు చేతికి రాగానే స్కూల్ అసిస్టెంటు చుట్టూ సలహాలు మూగుతాయి. ఎవరికీ కాగితం మీద ఏదీ రాసివ్వకు. రిజిస్టర్లు నీటుగా ఉంచుకో, మిగతాది దానంతటదే నడుస్తుంది. పైనుంచి అడిగింది అడిగిన గంటలో పంపు. స్టాఫ్‌తో గొడవ పెట్టుకోకు, ఊరి పెద్దలతో అసలే పెట్టుకోకు. ఏదైనా జరిగితే ముందు అది గోడ దాటకుండా చూసుకో. ఇవి చెప్పేవాళ్లు చెడ్డవాళ్లేమీ కారు. ఒక్క మెమో లేకుండా రిటైరైనవాళ్లు, మనమూ అలాగే ఒడ్డున పడాలని మనసారా కోరుకునేవాళ్లు.

నేను చెప్పేవి వీటికి ఎదురు. వీటిని పాటిస్తే మెమో రాదని హామీ ఇవ్వలేను, ఒకటో రెండో రావచ్చు కూడా. కాంప్లెక్స్ మీటింగులో మీ బడి అంకెలు పక్క బడి అంకెల కంటే చిన్నగా కనబడతాయి. అయినా చెబుతున్నాను. జిల్లా పరిషత్ హైస్కూలుకి వచ్చే పిల్లల్లో ఎక్కువమందికి ఆఫీసు గదిలోకి వచ్చి గట్టిగా అడిగే పెద్దవాళ్లు లేరు. ఆ పిల్లల తరఫున మిగిలేది హెచ్.ఎం. రాసే కాగితమే. దాన్ని వచ్చే ఆఫీసరు కోసం రాస్తామా, చదివే పిల్లల కోసం రాస్తామా అన్నదే నాకు పట్టింది.

మొదటి వారం క్యాష్ బుక్ పక్కన పెట్టండి

చేరిన రోజున అందరూ బీరువా తెరిచి క్యాష్ బుక్, పాస్ బుక్ ముందు పెడతారు. డబ్బు లెక్క ముఖ్యమే, కాదనను. అది ఆడిట్ కోసం ఎలాగూ ఎవరో ఒకరు చూస్తారు. ఎవరూ చూడని పుస్తకం ఇంకొకటుంది, అడ్మిషన్ రిజిస్టరు. మొదటి వారమంతా దాన్నే చదవండి. ఇప్పుడు బడిలో ఉన్న ప్రతి పిల్లకీ, పిల్లవాడికీ ఎదురుగా ఉన్న పేరు, ఇంటిపేరు, తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం ఒక్కొక్కటీ చూడండి.

మన బడుల పాత రిజిస్టర్లలో పిల్లలు ఎంతోమంది జూన్ నెలలో పుట్టినట్టు రాసి ఉంటుంది. బడి తెరిచేది జూన్‌లో. అప్పటికి అయిదేళ్లు నిండాయని చూపాలి, పుట్టిన తేదీ తల్లికి గుర్తులేదు, పంతులుగారు తోచిన తేదీ వేసేశారు. అదే తేదీ పదో తరగతి నామినల్ రోల్‌లోకి పోతుంది, అక్కణ్నుంచి ఎస్సెస్సీ మెమో మీదికి, పాస్‌పోర్టు మీదికి, ఉద్యోగంలో చేరితే సర్వీస్ రిజిస్టర్ మీదికి. ఆ మనిషి ఏ రోజున రిటైర్ కావాలో అయిదేళ్ల వయసులోనే మనం తేల్చేశామన్నమాట. ఇప్పుడు పిల్లలందరికీ అపార్ నంబరు ఇస్తున్నారు. ఆధార్‌లో పేరు, బడి రికార్డులో పేరు కలవకపోతే అది ముందుకు కదలదు. ఒకచోట ‘లక్ష్మీ’, ఇంకోచోట ‘లక్ష్మి’. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. ఇంగ్లీషు స్పెల్లింగుల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇంకో సంగతి. తెలంగాణలో 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఉద్యోగానికి స్థానికత తేల్చేది ఒకటి నుంచి ఏడో తరగతి మధ్య ఎక్కడ కనీసం నాలుగేళ్లు చదివారన్నదాన్ని బట్టి. ఆంధ్రలో నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు అడగడం ఎప్పటినుంచో ఉన్నదే. అంటే ఇవాళ మీరు తేదీ లేకుండా, సంతకం లేకుండా వదిలేసిన ఒక్క గడి ఇరవై ఏళ్ల తర్వాత ఎవరి ఉద్యోగానికో అడ్డం పడుతుంది. ఆనాడు ఆ మనిషి ఊరికి తిరిగొచ్చి పాత రిజిస్టరు కోసం మీ తర్వాతి తర్వాతి హెచ్.ఎం. ముందు నిలబడాలి.

కాబట్టి ఒక్కో తరగతికి ఒక రోజు పెట్టి తల్లిదండ్రుల్ని పిలవండి. రిజిస్టర్లో ఉన్నది బయటికి చదవండి. తప్పుంటే పదో తరగతి నామినల్ రోల్ పోకముందే ఆధారాలు తీసుకుని, పద్ధతి ప్రకారం దిద్దించండి. పబ్లిక్ పరీక్ష రాసేశాక దిద్దడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఈ పనికి ఏ యాప్‌లోనూ గడి లేదు, ఏ తనిఖీలోనూ మార్కులు పడవు.

ఒక్క హెచ్చరిక. జనన ధ్రువీకరణ పత్రం లేదని ఏ పిల్లనీ వెనక్కి పంపకండి. విద్యాహక్కు చట్టం 14వ సెక్షను ఆ కారణంతో అడ్మిషన్ నిరాకరించడాన్ని నిషేధించింది. ముందు చేర్చుకోండి, పత్రం తర్వాత తెప్పిద్దురుగాని.

భోజనాల అంకె తగ్గించి రాయండి

తగ్గించి అంటే ఉన్నంతే రాయడం. మన బడుల్లో ‘ఉన్నంతే’ అన్నది తగ్గించడంగానే కనిపిస్తుంది, అందుకే ఆ మాట వాడాను.

పై తరగతుల పిల్లవాడికి రోజుకి 150 గ్రాముల బియ్యం, ప్రాథమిక తరగతుల పిల్లవాడికి 100 గ్రాములు. ముప్పైమందిని ఎక్కువ వేస్తే రోజుకి నాలుగున్నర కిలోలు. 220 పనిదినాలకి అది దాదాపు పది క్వింటాళ్లు. ఇందులో హెచ్.ఎం. ఇంటికి పోయేది ఏమీ ఉండకపోవచ్చు, ఎక్కువ చోట్ల ఉండదు కూడా. వంట ఏజెన్సీ అక్కలకి బిల్లులు నెలల తరబడి రావు, కూరగాయలు అప్పు మీద తెస్తారు, వాళ్లకి కాస్త ఊరటగా ఉంటుందని అంకె పెంచమంటారు. జాలితో పెంచినవాళ్లని నేనెరుగుదును. వాళ్ల బాధ నిజం. దానికి చెయ్యాల్సింది వేరే ఉంది. బిల్లు ఏ తేదీన పంపారో, ఎంత బాకీ ఉందో రాసి ప్రతి నెలా పైకి పంపండి, నకలు వాళ్ల చేతిలో పెట్టండి. బియ్యమో వంట ఖర్చో తాత్కాలికంగా అందకపోతే భోజనం ఆగకుండా బడిలో ఉన్న ఏ నిధినైనా వాడే అధికారం 2015 మధ్యాహ్న భోజన నియమాలు హెచ్.ఎం.కి ఇచ్చాయి. ఆ అధికారం ఉందని తెలిసినవాళ్లు తక్కువ, తెలిసినా వాడే ధైర్యం ఇంకా తక్కువ. మీరు వాడండి. తీర్మానం రాయించి వాడండి.

అంకె నిజం కావాలనడానికి నా దగ్గర ఇంకో కారణముంది. పెంచిన అంకె కింద అసలు సంగతి మూసుకుపోతుంది. రెండువందల మందిలో అరవైమంది అన్నం తినకుండా ఇంటికి పోతున్నారంటే అన్నం ముద్దవుతోందనో, పప్పు నీళ్లలా ఉందనో, వడ్డనలో ఎవరినో దూరంగా కూర్చోబెడుతున్నారనో అర్థం. ఆ అరవై అన్న అంకె రిజిస్టర్లో కనబడాలి. కనబడితేనే ఎవరైనా అడుగుతారు, ఎవరూ అడక్కపోతే మీరే అడగాలి.

పిల్లలకి పెట్టే ముందు ఉపాధ్యాయులు రుచి చూడాలన్నది నిబంధనలో ఉంది. చాలాచోట్ల రుచి రిజిస్టర్లో సంతకాలు వారానికోసారి ఒకేసారి పడతాయి. మీరు రుచి చూడటంతో ఆగకండి, రోజూ అదే అన్నం, అదే వరసలో కూర్చుని తినండి. ఇంటినుంచి క్యారియర్ తెచ్చుకోవడం మానండి. 2013 జులై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ అనే ఊళ్లో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో పురుగుమందు కలిసింది. వంటమనిషి నూనె తేడాగా ఉందని చెప్పినా హెచ్.ఎం. వినలేదన్నది అప్పుడు బయటపడిన సంగతి. వంటమనిషి మాట హెచ్.ఎం. చెవిన పడటానికి మధ్యలో ఎంత దూరం ఉండాలి? రోజూ పక్కపక్కన కూర్చుని తినేవాళ్లయితే ఆ దూరం ఉండదు.

అంతకు సరిగ్గా తొమ్మిదేళ్ల ముందు, 2004 జులై 16న, తమిళనాడు కుంభకోణంలో ఒక బడి వంటగదిలో పుట్టిన మంట ఆకుల పైకప్పుకి అంటుకుని 94 మంది పిల్లలు కాలిపోయారు. ఇరుకు మెట్లు, దిగడానికి ఇంకో దారి లేదు. ఆ తర్వాత 2009లో సుప్రీంకోర్టు బడి భవనాల భద్రత మీద ఆదేశాలిచ్చింది. జులై 16ని మీ బడి క్యాలెండర్లో రాసుకోండి. ఆ రోజు పీరియడ్లు రెండు పోయినా సరే, వంటగది, గ్యాసు సిలిండరు, మెట్లు, గేట్లు, పురుగుమందు డబ్బాలాంటి వస్తువులేవైనా బడిలోకి వస్తున్నాయా అన్నది పిల్లలతో కలిసి తిరిగి చూడండి. గేటుకి లోపలినుంచి తాళం వేసి తాళంచెవి ఆఫీసులో పెట్టుకునే అలవాటుంటే ఆ రోజే మాన్పించండి. గేటు దగ్గర మనిషి ఉండాలి.

అర్జెంట్ అన్నదాన్ని సాయంత్రానికి వాయిదా వేయండి

పొద్దున్నే ఫోన్ మోగుతుంది. మరుగుదొడ్డి ఫోటో, భోజనం ఫోటో, హాజరు, పుస్తకాల పంపిణీ శాతం, పదకొండు గంటలకల్లా ప్రొఫార్మా. గ్రూపులో మిగతా బడుల పేర్లు వరసగా పడుతుంటాయి, మీ బడి పేరు ఎర్రరంగులో ఉంటుంది. ఒత్తిడి నిజమే. నా సలహా ఏమిటంటే రోజుకి రెండు వేళలే ఆ పనికి పెట్టుకోండి, ప్రేయర్ అయ్యాక అరగంట, సాయంత్రం బడి విడిచాక అరగంట. పిల్లల భద్రత, తుఫాను సెలవు, పరీక్షల వ్యవహారం తప్ప మిగిలిందేదీ మధ్యాహ్నంలోగా తేలకపోతే కొంపలంటుకోవు. ఈ నిర్ణయాన్ని ఎం.ఇ.ఓ. గారికి ముందే రాతలో తెలియజేయండి. దాక్కుని ఆలస్యం చేయవద్దు, చెప్పి ఆలస్యం చేయండి.

మీరు ఫోన్‌లో అంకె నింపుతుంటే ఆఫీసు గుమ్మంలో ఓ పిల్ల నిలబడి ఉంటుంది. కడుపునొప్పి అని చెప్పాలో వద్దో తేల్చుకోలేక నిలబడుతుంది. తల ఎత్తకుండా ‘ఏంటి’ అంటే ‘ఏం లేదు సార్’ అని వెళ్లిపోతుంది.

పదో తరగతి వదిలి ఆరో తరగతి తీసుకోండి

హెచ్.ఎం. కూడా పాఠం చెప్పాలన్నది అందరూ ఒప్పుకునేదే. ఫలితాల కోసం పదో తరగతి తీసుకోమంటారు. వద్దు. ఆరో తరగతి తీసుకోండి, వీలైతే తెలుగో లెక్కలో.

హైస్కూలుకి ఆరో తరగతిలో నాలుగైదు ఊళ్ల ప్రాథమిక బడులనుంచి పిల్లలు వస్తారు. కొందరు గడగడా చదువుతారు, కొందరికి వత్తులు రావు, ఒకరిద్దరికి అక్షరాలే రావు. జూన్ నెలలో ఈ సంగతి హెచ్.ఎం.కి స్వయంగా తెలిస్తే ఆ ఏడు బడి టైమ్‌టేబుల్ మారుతుంది, ఏ టీచర్ని ఎక్కడ వేయాలో తెలుస్తుంది, ఎవరికి కళ్లద్దాలు కావాలో తెలుస్తుంది. పదో తరగతిలో జనవరి నెలలో స్పెషల్ క్లాసులు పెట్టి, రాత్రి తొమ్మిది దాకా కూర్చోబెట్టి చేసే పని అప్పటికే ఆలస్యమైపోయిన పని. అయిదేళ్ల ముందు చెయ్యాల్సింది అది.

దీని పర్యవసానం మొదటి ఏడాదే భరించాల్సి వస్తుంది. మీ పది ఫలితాలు ఓ రెండేళ్లు నూటికి నూరు రాకపోవచ్చు. రానివ్వండి. నూటికి నూరు కోసం తొమ్మిదో తరగతిలోనే బలహీనుల్ని టి.సి. ఇప్పించి పంపించేవాళ్లు, నామినల్ రోల్‌లో పేరు ఎక్కకుండా తల్లిదండ్రుల్ని ఒప్పించేవాళ్లు ప్రైవేటులోనూ ఉన్నారు, మనలోనూ ఉన్నారు. ఫ్లెక్సీ మీద వంద అని పడుతుంది. తీసేసిన ఆ ఇద్దరు ముగ్గురి పేర్లు ఏ ఫ్లెక్సీ మీదా పడవు. పరీక్షకి కూర్చునే హక్కున్న ప్రతి పిల్లనీ కూర్చోబెట్టండి, తప్పినవాళ్ల పేర్లు రాసుకుని సప్లిమెంటరీకి మళ్లీ పిలవండి. ఫెయిలైన పిల్లవాడి ఇంటికి ఫలితాలొచ్చిన రోజు సాయంత్రమే వెళ్లండి. పాసైనవాళ్ల ఇంటికి మర్నాడు వెళ్లొచ్చు.

పుస్తకాలు పోనివ్వండి

చార్జ్ తీసుకునేటప్పుడు లైబ్రరీ పుస్తకాలు, ల్యాబ్ సామాను లెక్కపెట్టి సంతకం పెడతాం. తగ్గితే రికవరీ. ఈ భయం వల్లే మన హైస్కూళ్లలో అల్మారాలకి తాళాలు పడ్డాయి. కొత్త పుస్తకాలు వచ్చిన అట్టపెట్టెలోంచి నేరుగా అల్మారాలోకి, అక్కణ్నుంచి ఎలకల నోట్లోకి. మైక్రోస్కోపు గుడ్డ కప్పుకుని పదేళ్లు కూర్చుంటుంది. స్టాక్ రిజిస్టరు మాత్రం చక్కగా ఉంటుంది, ఒక్క వస్తువూ తగ్గదు.

తాళం తీసెయ్యండి. పుస్తకాలు తరగతి గదిలోకి పంపండి, ఇంటికి తీసుకెళ్లనివ్వండి. ఏడాదికి కొన్ని పోతాయి, కొన్ని చిరుగుతాయి, ఒకటి రెండు చంటిపిల్లల గీతలతో తిరిగొస్తాయి. అవన్నీ ఏడాది చివర విద్యా కమిటీ ముందు పెట్టి, వాడకంలో పోయినవి ఇన్ని, చిరిగినవి ఇన్ని అని తీర్మానం రాయించి, స్టాక్‌లోంచి తగ్గించడానికి అనుమతి అడగండి. ఇది నిబంధనకి విరుద్ధం కాదు. వస్తువు వాడితే అరుగుతుందని ప్రభుత్వానికీ తెలుసు, అందుకే పనికిరానివాటిని తొలగించే పద్ధతి పెట్టింది. ఆ పద్ధతిలో ఓ నాలుగు కాగితాలు రాయాలి, అంతే. ఆ నాలుగు కాగితాలకి బద్ధకించి నాలుగువందల పుస్తకాలకి తాళం వేస్తున్నాం. అనుమతి రాకపోతే? పోయిన పుస్తకాల ఖరీదు మీరు కట్టాల్సి వస్తే కట్టండి. ఒక హెచ్.ఎం. జీతంలో అది పెద్ద మొత్తం కాదు, చదివిన పిల్లలకి అది చాలా పెద్దది.

స్టాఫ్ టాయిలెట్ తాళం కూడా తీయండి

ఉపాధ్యాయులూ పిల్లలూ ఒకే మరుగుదొడ్లు వాడే బడిలో మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి. నేను చూసినంతలో దీనికి మినహాయింపు లేదు. ఆడపిల్లల వైపుకి మహిళా టీచర్లు, మగపిల్లల వైపుకి మగ టీచర్లు. సమగ్ర శిక్ష ఇచ్చే స్కూల్ గ్రాంటులో కనీసం పది శాతం శుభ్రతకే ఖర్చుపెట్టాలి. నూటొకటి నుంచి రెండువందల యాభై దాకా పిల్లలున్న బడికి గ్రాంటు 50,000 అనుకుంటే అందులో 5,000. ఏడాదికి అది ఫినాయిలుకే చాలదు, మిగతాది ఊళ్లో అడగండి. గుడికిచ్చే ఊరు బడికీ ఇస్తుంది, అడిగే నోరు కావాలి. నెలసరి రోజుల్లో ఆడపిల్లలు బడి మానుతున్నారా అన్నది హాజరు పట్టీ చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. మీ మహిళా టీచర్ని కూర్చోబెట్టి చూడమనండి.

బడి పరువు కాపాడకండి

ఇది అన్నిటికంటే కష్టమైన సలహా. దీని దగ్గర మాత్రం మీరు తటపటాయించడానికి వీల్లేదు.

ఒక ఆడపిల్లో మగపిల్లవాడో వచ్చి, లేదా స్నేహితురాలి ద్వారా, లేదా గోడమీద రాతలా, ఒక టీచరో అటెండరో ఆటోడ్రైవరో తనతో చెయ్యకూడనిది చేశాడని చెబుతారు. ఆ క్షణాన మన బడుల్లో అందరి నోటా వచ్చే మాట ‘ముందు మనం విచారిద్దాం’. వినడానికి చాలా బాధ్యతగా ఉంటుంది. మీరు విచారించకండి.

2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, అలాంటి నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి. సంస్థకి బాధ్యుడిగా ఉన్నవాడు తన కింద పనిచేసేవాడి నేరాన్ని తెలియజేయకపోతే ఏడాది దాకా జైలు, జరిమానా. నేరం నిజమో కాదో తేల్చమని చట్టం హెచ్.ఎం.ని అడగలేదు. తెలిసింది చెప్పమంది. పిల్ల వాంగ్మూలాన్ని వీలైనంతవరకు మహిళా ఎస్.ఐ. కంటే తక్కువ కాని అధికారి, యూనిఫాం లేకుండా, పిల్ల ఇంట్లోనో పిల్ల కోరుకున్న చోటో తీసుకోవాలని కూడా రాసిపెట్టింది. అంత జాగ్రత్త ఎందుకంటే, చెప్పిన సంగతిని పిల్ల చేత అయిదుగురు పెద్దల ముందు అయిదుసార్లు చెప్పించడమే ఇంకో హింస. మన ఆఫీసు గదిలో ముగ్గురు సీనియర్లు కూర్చుని, నిందపడ్డ మనిషినీ పిలిచి, ‘ఎదురెదురుగా చెప్పమ్మా’ అనడం జరుగుతూనే ఉంది. ఆ పిల్ల మళ్లీ నోరు తెరవదు.

కాబట్టి చెయ్యాల్సింది కొంచెమే. పిల్ల చెప్పింది వినండి, ప్రశ్నలు గుచ్చకండి, నమ్ముతున్నానని చెప్పండి. విన్నది విన్నట్టు తేదీ, సమయంతో రాయండి. 1098కో పోలీసులకో అదే రోజు ఫోన్ చేసి, రాతలోనూ ఇవ్వండి. డి.ఇ.ఓ. ఆఫీసుకి ఆ తర్వాత తెలియజేయండి, అనుమతి అడగకండి. పిల్ల పేరు స్టాఫ్‌రూమ్‌లో పలకనివ్వకండి.

ఆ సాయంత్రం మీ దగ్గరికి మనుషులొస్తారు. సంఘం నాయకుడొస్తాడు, అతనికి ఇద్దరు పిల్లలున్నారు సార్ అంటాడు. ఊరి పెద్దొస్తాడు. ఒక్కోసారి పిల్ల తండ్రే వచ్చి, పెళ్లి కావాల్సిన పిల్ల, మా పరువు తీయొద్దు సార్ అని చేతులు పట్టుకుంటాడు. ఆయన దగ్గర కూర్చోండి, ఎంతసేపైనా కూర్చోండి. కాగితం మాత్రం వెనక్కి తీసుకోకండి. అదే మనిషిని బదిలీ చేసి పంపిస్తే ఇంకో ఊళ్లో ఇంకో ఆఫీసు గదిలో ఇంకో పిల్ల నిలబడాల్సి వస్తుంది. బడికి చెడ్డపేరొస్తుంది, పేపర్లో పడుతుంది, వచ్చే జూన్‌లో అడ్మిషన్లు తగ్గుతాయి. తగ్గనివ్వండి.

కొట్టడం గురించి కూడా ఇక్కడే అంటాను. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక శిక్షనీ మానసిక హింసనీ నిషేధించింది. బెత్తాలు బీరువాలోంచి కూడా తీసేయండి.

వలసపోయిన పేరు కొట్టెయ్యకండి, హాజరు వెయ్యకండి

కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు ఊళ్లనుంచి మిరప కోతలకి గుంటూరు దిక్కుకి కుటుంబాలు కదులుతాయి. పిల్లలూ వెళతారు. హెచ్.ఎం.లకి తెలిసిన దారులు రెండు. ఒకటి, పేరు కొట్టేసి డ్రాపౌట్‌గా చూపడం. రెండు, సంఖ్య తగ్గితే పోస్టు పోతుందని రోజూ ప్రెజెంట్ వేసుకుంటూ పోవడం. రెండో దారి దయగా కనిపిస్తుంది కానీ ఆ పిల్ల బడికి రావడం లేదన్న సంగతిని అది పూర్తిగా మాయం చేస్తుంది. లేని పిల్లని వెతికే అవసరం ఎవరికీ ఉండదు.

గైర్హాజరనే వేయండి. రిమార్కుల గడిలో ఏ ఊరికి, ఎవరి పొలానికి, ఏ నెలదాకా అన్నది రాయండి. అక్కడి బడి హెచ్.ఎం.కి ఫోన్ చేసి, ఆ పిల్లని తరగతిలో కూర్చోనివ్వమని అడగండి. సీజనల్ హాస్టల్ దొరికితే పిల్లని ఊళ్లోనే ఆపండి. రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ చేసిన పని చాలామందికి తెలిసిందే, దాన్ని నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసె అవార్డు వచ్చింది ఆ పనికే. బడి బయట ఉన్న ప్రతి పిల్లా పనిలో ఉన్నట్టే లెక్క అని పట్టుబట్టారు వాళ్లు, పేరు పేరునా వెతికారు. వెతకాలంటే ముందు ‘లేదు’ అని రాయాలి. తొమ్మిదో తరగతి ఆడపిల్ల పండగ సెలవుల తర్వాత రాకపోతే మాత్రం వారం ఆగకండి, మర్నాడే ఇంటికి మనిషిని పంపండి. పెళ్లి మాటలు నడుస్తుంటే 1098కి చెప్పండి.

సెలవులు అడగ్గానే ఇవ్వండి

స్టాఫ్‌కి సి.ఎల్. ఇవ్వడానికి సతాయించే హెచ్.ఎం. దగ్గరే తేదీ వెయ్యని లీవు లెటర్లు డ్రాయర్లో పేరుకుంటాయి. తనిఖీ వస్తే తేదీ పడుతుంది, రాకపోతే చిరిగిపోతుంది. మొదటి స్టాఫ్ మీటింగులోనే ఆ లెటర్లు ఎవరివి వాళ్లకిచ్చేయండి. సెలవు నిజంగా అవసరమైనవాళ్లకి మారు మాట్లాడకుండా ఇవ్వండి, సెలవు పెట్టకుండా పోయినవాళ్లకి ఆ రోజే ఎర్రసిరాతో రాయండి. రెండూ కలిపి చేస్తేనే కుదురుతుంది. ఏడాదికోసారి ప్రతి టీచరుకీ వాళ్ల సర్వీస్ రిజిస్టరు చూపించి సంతకం తీసుకోండి. ఇంక్రిమెంటు ఒకటి రాయడం మరిచిపోయి పెన్షన్ దగ్గర ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లని మనం చూస్తూనే ఉన్నాం.

టి.సి. అడిగినవాళ్లకి అదే పూట

ప్రైవేటు బడికి పోతున్నారని కోపం తెచ్చుకుని తిప్పించుకోకండి. టి.సి. వెంటనే ఇవ్వాలని, ఆలస్యం చేస్తే హెచ్.ఎం. మీద క్రమశిక్షణ చర్య ఉంటుందని విద్యాహక్కు చట్టం అయిదో సెక్షనే చెబుతోంది. ప్రైవేటు ప్రిన్సిపాళ్లకీ ఇదే మాట. ఫీజు బాకీ వసూలుకి వేరే దారులున్నాయి, పిల్లవాడి చదువు తాకట్టు వస్తువు కాదు.

క్యాష్ బుక్ బయటికి చదవండి

డబ్బు సంగతి చివరికి పెట్టింది కావాలనే. విద్యా కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులుండాలి, మొత్తం సభ్యుల్లో సగం మహిళలుండాలి. మన దగ్గర జరిగేది ఏమిటంటే మినిట్స్ బుక్ అటెండరు చేతికిచ్చి ఇల్లిల్లూ తిప్పి సంతకాలు, వేలిముద్రలు పెట్టించుకు రమ్మనడం. అదొద్దు. కోరం లేకపోతే మీటింగు జరగలేదనే రాయండి, మళ్లీ పెట్టండి. మూడుసార్లు జరగకపోయినా అలాగే రాయండి. నాలుగోసారికి ఎందుకు రావడం లేదో తెలుసుకోవాలన్న పట్టుదల మీలోనే పుడుతుంది.

వచ్చినవాళ్ల ముందు క్యాష్ బుక్ తెలుగులో, పద్దు పద్దుగా చదవండి. సున్నం బకెట్లు ఇన్ని, చాక్‌పీస్ పెట్టెలు ఇన్ని, కరెంటు బిల్లు ఇంత. వోచర్లు చేతికిచ్చి చూడనివ్వండి. మొదటిసారి ఎవరూ ఏమీ అడగరు. రెండోసారో మూడోసారో ఒక తల్లి, బకెట్ ధర మా ఊళ్లో ఇంత లేదే అంటుంది. ఆ మాట అన్నందుకు ముఖం చిట్లించకండి. వెంటనే ఆ పద్దు మినిట్స్‌లో ఎక్కించి, వచ్చే నెల కొనేటప్పుడు ఆమెనే వెంట తీసుకెళ్లండి.

మీటింగు తేదీ మండల ఆఫీసు పంపిన పట్టిక చూసి వెయ్యొద్దు, ఊళ్లో పనులు చూసి వేయండి. నాట్లప్పుడు, పత్తి తీతలప్పుడు పగలు పిలిస్తే ఒకరోజు కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు? రాత్రి ఏడున్నరకి పెట్టండి. చంటిపిల్లల్ని తెచ్చుకోమని చెప్పండి. మీరు వేరే ఊరినుంచి వస్తుంటే చివరి బస్సు వేళ కనుక్కుని, ఆ రాత్రికి ఊళ్లో ఉండేలా చూసుకోండి.